పసుపు రంగు కనిపించగానే బయలుదేరకండి
అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో వేటకు వెళ్లేవారికి ఒక మాట. ఫోను పటాల్లో సాధారణంగా పసుపు రంగు బీఎల్ఎం (కేంద్ర ప్రభుత్వ భూ నిర్వహణ సంస్థ) భూములది, ఆకుపచ్చ జాతీయ అడవులది. రంగు ఉన్నంత మాత్రాన అక్కడికి దారి ఉన్నట్టు కాదు. 19వ శతాబ్దంలో ప్రభుత్వం రైలు కంపెనీలకు ఒకటి విడిచి ఒకటిగా చదరపు మైలు భూమి గళ్లు ఇచ్చి, మధ్యవి తన దగ్గరే ఉంచుకుంది. అందుకే దక్షిణ వయోమింగ్ పటం ఇప్పటికీ చదరంగం బల్లలాగే ఉంటుంది. కొన్ని ప్రభుత్వ గళ్ల చుట్టూ అంతా ప్రైవేటు భూమే! ముందు పటంలో రోడ్డు మీద వేలు పెట్టి, ఆ గడి దాకా అది ప్రజలందరి దారేనా అని చూసుకోండి.

పటాన్ని ఇంట్లోనే ఫోనులోకి దించుకోండి (డౌన్‌లోడ్). సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ నీలి చుక్క కదులుతుంది. అది కొన్ని మీటర్లు తప్పు చూపవచ్చు, సరిహద్దు గీత వెంబడే నడవకండి. చలికి బ్యాటరీ త్వరగా పడిపోతుంది, ఫోను లోపలి జేబులో ఉంచుకోండి.