రెండు లూడో పాచికలు, నాలుగు క్లాసులు: మన సీమ ఆటకు పాత్రలు కట్టుకునేదెట్లా

నలుగురు కూర్చుని ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా మాటలతోనే కథ నడిపే ఆటల (రోల్ ప్లేయింగ్ గేమ్‌ల) గురించి ఇది. వాటికి కావాలనే ఇరవై ముఖాల పాచిక కోసం అనంతపురంలో అంగడంగడి తిరిగే పని పెట్టుకోవద్దు, లూడో డబ్బాలో ఉండే మామూలు పాచికలు రెండు చాలు. రెండూ వేసి కూడండి. 10 గానీ అంతకు మించి గానీ వస్తే అనుకున్న పని అయినట్టే. 7 నుంచి 9 వస్తే పని అవుతుంది కానీ ఏదో ఒకటి పోగొట్టుకోవాలి. 6, అంతకంటే తక్కువ పడితే కథ నడిపేవాడు మీకొక చిక్కు తెచ్చిపెడతాడు. ఈ లెక్క నాది కాదు, 2010లో వచ్చిన అపోకలిప్స్ వరల్డ్ అనే ఆటది. దీని మీద మన సొంత క్లాసులు, అంటే పాత్రల రకాలు, ఎట్లా కట్టాలో చెప్తాను, ముందు నేను చెడగొట్టుకున్నది వినండి.

తొలకరి పడితే చాలు, తుగ్గలి, జొన్నగిరి, వజ్రకరూరు చేలల్లో జనం వంగి రాళ్లు ఏరుతుంటారు కదా. అందుకని మొదట తయారు చేసిన క్లాసే వజ్రాల వేటగాడు. ఏం వెతికినా +4, అంటే పాచికల మొత్తానికి నాలుగు కలుపుకోవచ్చు అని రాసిపెట్టాను. మిగతా ముగ్గురు పాలెగాడి బంటు, నాటువైద్యురాలు, తోలుబొమ్మలాట ఆయన. కథ గండికోటలో, రాత్రిపూట, గుప్తనిధి కోసం. ఇంక చూడండి, అడుగుజాడలు వెతకాలంటే వేటగాడు, దొంగదారి వెతకాలంటే వేటగాడు, ఎదుటివాడి నడుముకు దోపుకున్న తాళంచెవి కనిపెట్టాలన్నా వాడే. రెండు గంటలు పాచికలు వాడి చేతిలోనే ఉన్నాయి. బంటుగా ఆడుతున్న మావాడు ఉగ్గాని బజ్జీ ప్లేటు ఖాళీ చేసి, "ఏందప్పా, నేను మూటలు మోసేదానికి వచ్చినానా?" అన్నాడు.

లెక్కేసి చూస్తే సగం తప్పు అక్కడే దొరికింది. రెండు పాచికలు 36 రకాలుగా పడతాయి. ఏ బోనసూ లేకపోతే అందులో 15 సార్లు ఓడతాం, +1 ఉంటే 10 సార్లు, +2 ఉంటే 6 సార్లు. +4 ఉంటే రెండూ ఒకట్లు పడితే తప్ప ఓటమే లేదు, అంటే 36లో ఒక్కసారి. ఓడిపోతానన్న టెన్షన్ లేనివాడు పాచికలు వేసినా ఒకటే, వేయకపోయినా ఒకటే. కాబట్టి కొత్త పాత్రకు +2 దాటనివ్వకండి, అదీ ఒక్క పనికే.

మిగతా సగం తప్పు అంకెల్లో లేదు. నిధి కథలో వెతకడం అందరూ చేసే పని, దాన్ని ఒక్కడికి రాసిచ్చేశాను. ఇది పాత గొడవే. 1974లో ఈ రకం ఆటే అయిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ వచ్చినప్పుడు మూడే క్లాసులు, యోధుడు, మాంత్రికుడు, దైవభక్తుడు. 1975లో దొంగను చేర్చారు. గోడలెక్కడం, చప్పుడు కాకుండా నడవడం దొంగ విద్యలు అని రాసేసరికి, మరి మిగతావాళ్లు గోడలెక్కకూడదా అని తగువు మొదలైంది. ఒకరికి ఇచ్చామంటే మిగతావాళ్ల దగ్గర్నుంచి లాక్కున్నట్టే, ఇది గుర్తుపెట్టుకుని రాయాలి.

నేనిప్పుడు క్లాస్ రాయాలంటే బలం, తెలివి జోలికి ముందు పోను. ఏ క్షణంలో మిగతా ముగ్గురూ తల తిప్పి ఇతని వైపు చూడాలి? అది ఒక్క వాక్యంలో రాస్తాను. వేటగాడికి ఇట్లా మార్చాను: నేలను చూసి ఒకే ప్రశ్న అడగొచ్చు, "ఇక్కడ ఏది తన చోట లేదు?" 10 పడితే కథ నడిపేవాడు నిజం చెప్పాలి, 7–9 పడితే నిజమే చెప్పాలి కానీ నువ్వు చూస్తుండగా ఇంకెవరో నిన్ను చూశారు. కనిపెట్టడం వరకే వాడిది. తవ్వాలన్నా, కాపాడుకోవాలన్నా పక్కవాళ్లు కావాలి.

బంటుది: దారికి అడ్డం నిలబడితే వాడిని దాటకుండా వెనకున్నవాళ్లను ఎవరూ తాకలేరు. 7–9 పడితే ఆయుధం పోవాలా, గాయం కావాలా, నిలబడిన చోటు వదలాలా అన్నది ఆడేవాడే తేల్చుకోవాలి. కథ నడిపేది మీరైతే ఆ ఎంపిక మీరు చేయొద్దు, ఆటలో మజా అంతా అక్కడే ఉంది.

వైద్యురాలిని కట్లు కట్టే పనికే పెడితే ఆ అమ్మాయి మళ్లీ ఆడటానికి రాదు. ఏ ఇంటి తలుపూ ఆమెకు మూయరు అని ఒక్క ముక్క చేర్చండి.

నాకు బాగా కుదిరింది బొమ్మలాట ఆయన క్లాసే. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట బొమ్మలు చూసినవాళ్లకు తెలుసు, తెర వెనక దీపం వెలిగితే కళ్లు తిప్పుకోలేం. ఆయన ఆడిస్తున్నంతసేపు కాపలావాళ్ల చూపు తెర మీదే. 7–9 పడితే ఆట ఆపనివ్వరు, ఇంకో ఘట్టం కావాలంటారు. కానీ తెర, దీపం, ఆముదం ఉంటేనే. ఆ షరతు పెట్టినందుకు ఒక సాయంత్రమంతా నలుగురూ ఆముదం కోసం ఊరూరా తిరిగారు, నేను రాసుకున్న కథ పక్కన పడిపోయింది, ఎవరికీ బాధ లేదు.

ఇంకొకటి. 2008లో వచ్చిన డంజన్స్ నాలుగో ఎడిషన్ కాపుకాసేవాడు, దెబ్బకొట్టేవాడు, నడిపించేవాడు, అదుపుచేసేవాడు అని పాత్రల పనులను నాలుగుగా పంచింది. బాగుంది కానీ ఆ పంపకం కొట్లాటకు. మన కథలో కొట్లాట ఒక ముక్కే, కాబట్టి మాటల్లో ఏం చేస్తాడు, తెలియని చోట నడిచేటప్పుడు ఏం చేస్తాడు అని కూడా అడగండి. ఒకదాంట్లో గట్టివాడు, ఒకదాంట్లో ఫర్వాలేదు, ఒకదాంట్లో పక్కవాడి మీద ఆధారపడాలి. మొత్తం అర పేజీ దాటితే ఎవరూ చదవరు.

మార్చాక మొన్న మిద్దె మీద ఆడినప్పుడు బంటుకు 8 పడింది. వాడు ఐదు నిమిషాలు గడ్డం గోక్కుని కత్తి వదిలేశాడు. అది పోయి గండికోట లోయలో పెన్నలో పడింది. ఆదివారం దానికోసం దిగుతానంటున్నాడు.