కొలంబియా గోర్జ్‌లో కార్చిచ్చుల కాలం: కారు తీసేముందు, దారి మూసేశాక

ఒరెగాన్ రాష్ట్రంలో పోర్ట్‌లాండ్ పక్కనున్న హిల్స్‌బరో, బీవర్టన్ వైపు ఉండే తెలుగువాళ్లు ఇంటికొచ్చిన అమ్మానాన్నలకి ముందుగా చూపించేది మల్ట్నోమా జలపాతం. అక్కడికి వెళ్లే గోర్జ్ (నది కోసిన లోతైన కొండసందు) దారి జూన్ నుంచి తొలి వానలు పడేదాకా మంటల దారి కూడా. పాపికొండల మధ్య గోదావరిలా ఇక్కడ కొలంబియా నది కాస్కేడ్ కొండల్ని చీల్చుకుని పోతుంది. పొడవు సుమారు 130 కిలోమీటర్లు, లోతు కొన్నిచోట్ల 1,200 మీటర్లు. ఆ సందులోనే ఒరెగాన్ ఒడ్డున ఐ-84 హైవే, యూనియన్ పసిఫిక్ రైలు పట్టాలు ఉన్నాయి. అవతల వాషింగ్టన్ రాష్ట్రం ఒడ్డున స్టేట్ రూట్ 14 రోడ్డు, బీఎన్ఎస్ఎఫ్ రైలు పట్టాలు. నది మీద గోధుమ మోసే బార్జీలు. పక్కకి తప్పుకునే చోటు తక్కువ కాబట్టి, ఎక్కడ వెనక్కి తిరగాలో బయల్దేరేముందే తెలిసి ఉండాలి.

ముందు గాలి సంగతి

వేసవిలో తూర్పున ఎడారి నేల కాగుతుంది. సముద్రం మీది చల్లగాలి ఈ సందులోంచే లోపలికి దూసుకొస్తుంది. హుడ్ రివర్ ఊళ్లో విండ్ సర్ఫింగ్ చేసేవాళ్లు వచ్చేది ఈ పడమటి గాలి కోసమే. ఆ రోజుల్లో మంట తూర్పుకి పరిగెడుతుంది. వేసవి చివర, సెప్టెంబరులో ఒక్కోసారి గాలి తిరగబడుతుంది. తూర్పు నుంచి పొడిగా, వేడిగా వీస్తూ మంటని పోర్ట్‌లాండ్ వైపు తోస్తుంది. 2017 సెప్టెంబరు 2న ఈగిల్ క్రీక్ లోయలో ఓ పదిహేనేళ్ల కుర్రాడు విసిరిన బాణసంచాతో మొదలైన మంట అలాగే పెరిగింది. నిప్పురవ్వలు నది దాటి వాషింగ్టన్ కొండ మీద పడ్డాయి. దాదాపు 49 వేల ఎకరాలు కాలాయి. ఐ-84లో తూర్పుకి వెళ్లే వైపు సుమారు మూడు వారాలు మూసే ఉంది. నది అడ్డం ఉంది కదా, అవతలి ఒడ్డు భద్రమే అనుకోవద్దు.

నేల కూడా అంతటా ఒకేలా ఉండదు. కాస్కేడ్ లాక్స్ దాకా వాన బాగా కురిసే దట్టమైన అడవి. అక్కడ మంట నెమ్మదిగా అంటుకున్నా వారాల తరబడి ఆరదు. హుడ్ రివర్ దాటాక ఎండుగడ్డి, ఓక్ చెట్లు. అక్కడ మంట నిమిషాల్లో రోడ్డెక్కుతుంది. 2025 జూన్ 11న రొవీనా దగ్గర లేచిన మంట 50కి పైగా ఇళ్లని కాల్చేసింది. హుడ్ రివర్, ది డాల్స్ మధ్య ఐ-84 మూసేశారు. తర్వాతి నెలలో అవతలి ఒడ్డున బర్డోయిన్ మంట వల్ల స్టేట్ రూట్ 14 మూతపడింది.

బయల్దేరే రోజు పొద్దున

పది నిమిషాల పనే ఇది, చాలామంది చెయ్యరు. ఒరెగాన్ వైపు దారికి ఆ రాష్ట్ర రవాణాశాఖ వెబ్‌సైట్ ట్రిప్‌చెక్ చూడండి, వాషింగ్టన్ వైపుకి వాషింగ్టన్ రవాణాశాఖ యాప్ చూడండి. ఒకదాంట్లో రెండో ఒడ్డు సంగతి పూర్తిగా ఉండదు. ట్రిప్‌చెక్ కెమెరాల్లో పొగ ఏ వైపు వాలుతోందో కూడా కనిపిస్తుంది. వాతావరణశాఖ రెడ్ ఫ్లాగ్ హెచ్చరిక (మంట తేలిగ్గా రేగి వ్యాపించే వాతావరణమని) ఉందేమో చూసేటప్పుడు పోర్ట్‌లాండ్ కార్యాలయంది ఒక్కటే చూసి ఆగిపోవద్దు. ది డాల్స్ వైపు పెండిల్టన్ కార్యాలయం పరిధి. కొత్తగా లేచిన మంటలకి వాచ్ డ్యూటీ యాప్, పొగకి ఎయిర్‌నౌ మ్యాప్ బాగుంటాయి. గాలి నాణ్యత సూచీ 150 దాటితే పెద్దవాళ్లనీ చిన్నపిల్లల్నీ తీసుకెళ్లొద్దు. గుడ్డ మాస్కుతో లాభం లేదు, ఎన్95 కావాలి.

టాంకు కనీసం సగం ఉండాలి. ఎలక్ట్రిక్ కారైతే వెళ్లి రావడానికి సరిపడే ఛార్జి కాక చుట్టుదారికి కూడా లెక్కేసుకోండి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, మందులు, ఆఫ్‌లైన్ మ్యాప్ పెట్టుకోండి. లోయల్లోకి దిగాక ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు.

ఎగ్జిట్ నంబర్లు చదవడం

ఐ-84 మీద ఎగ్జిట్ నంబరంటే మైలు నంబరే. రెండు నంబర్ల తేడా తీస్తే మధ్య దూరం వచ్చేస్తుంది. తూర్పుకి వెళ్తూ వెనక్కి తిరగడానికి నమ్మదగ్గవి 22 (కార్బెట్), 35 (ఎయిన్స్‌వర్త్), 40 (బాన్‌విల్ డ్యామ్), 44 (కాస్కేడ్ లాక్స్), ఆ తర్వాత హుడ్ రివర్‌వి. 41 (ఈగిల్ క్రీక్) దగ్గరే చాలామంది చిక్కుకుంటారు. అది తూర్పుకి వెళ్లేవాళ్లకే ఉంది. అక్కడ దిగినవాళ్లు పోర్ట్‌లాండ్ వైపు రావాలంటే మళ్లీ తూర్పుకెళ్లి 44 దగ్గర తిరగాలి. తూర్పున పొగ కనిపిస్తుంటే 40 దాటకముందే నిర్ణయించుకోండి.

నది దాటే వంతెనలు ఇంకా తక్కువ. పోర్ట్‌లాండ్‌లో ఐ-205 వంతెన తర్వాత కాస్కేడ్ లాక్స్‌లో బ్రిడ్జ్ ఆఫ్ ది గాడ్స్ వచ్చేదాకా దాదాపు 60 కిలోమీటర్లు వంతెనే లేదు. ఆపైన హుడ్ రివర్ (64), ది డాల్స్ (87), బిగ్స్ (104). బ్రిడ్జ్ ఆఫ్ ది గాడ్స్, హుడ్ రివర్ వంతెనలకి టోల్ ఉంది, బరువు పరిమితులూ ఉన్నాయి. హుడ్ రివర్ వంతెన లేన్లు పది అడుగులు కూడా ఉండవు. గాలి బాగా వీచే రోజున ఆర్వీతో (ఇల్లులాంటి పెద్ద బండితో) దాని మీదికి వెళ్లకపోవడమే మంచిది.

ఐ-84 మూసేస్తే

మ్యాప్ చూసి పాత చారిత్రక హైవే పట్టుకుందాం అనుకుంటారు. అది కుదరదు. జలపాతాల పక్కనుంచి పోయే ఆ దారి ఎయిన్స్‌వర్త్ దగ్గర ఐ-84లో కలిసిపోతుంది. అక్కణ్ణించి కాస్కేడ్ లాక్స్ దాకా నడిచేవాళ్లకీ సైకిళ్లకీ బాట ఉంది గానీ కార్లకి లేదు. హుడ్ రివర్, మోజియర్ మధ్యా అంతే. మోజియర్ నుంచి ది డాల్స్‌కి కారు దారి ఉంది కానీ, రొవీనా వంకరలు పెద్ద బండ్లకి పనికిరావు. పైగా ఆ దారి కూడా మంటలు రేగే నేల మీదిదే.

స్టేట్ రూట్ 14 తెరిచి ఉంటే వంతెన దాటి దాన్ని పట్టుకోవచ్చు. అది రెండు లేన్ల రోడ్డు, వరసగా సొరంగాలు. ఐ-84 మీది లారీలన్నీ అక్కడికే వస్తాయి కాబట్టి మామూలు వేగం ఆశించకండి. 2023 జులైలో అండర్‌వుడ్ దగ్గర లేచిన మంటకి అక్కడి సొరంగం పేరే పెట్టారు, అప్పుడు ఆ రోడ్డు కూడా మూసేశారు.

రెండొడ్డులూ పోతే గోర్జ్‌ని వదిలేయడమే. హుడ్ రివర్ చేరాలంటే యూఎస్-26 మీద మౌంట్ హుడ్ ఎక్కి, ఒరెగాన్-35 పట్టుకుని దిగాలి. గోర్జ్ గుండా గంట పట్టేది ఇలా రెండు గంటలకి పైగా పడుతుంది. బోయిసీ దాకా పోయేవాళ్లు బెండ్, బర్న్స్ మీదుగా యూఎస్-20 చూసుకోవచ్చు. రైలెక్కితే సరి అనుకోవద్దు. ఆమ్‌ట్రాక్ ఎంపైర్ బిల్డర్ వెళ్లేది వాషింగ్టన్ ఒడ్డు పట్టాల మీదే, మంటొస్తే అదీ ఆగుతుంది.

పొగలో ఇరుక్కుంటే

కిటికీలు మూసి ఏసీని లోపలి గాలి తిరిగే మోడ్‌లో పెట్టండి. హెడ్‌లైట్లు వెయ్యండి. హైబీమ్ వేస్తే పొగ తెల్లగా మెరిసి ఇంకా కనిపించదు, లోబీమ్ చాలు. ఫొటోల కోసం షోల్డర్ (రోడ్డు అంచు) మీద ఆగొద్దు, అది ఫైరింజన్ల దారి. తరలింపు హెచ్చరికలు మూడు స్థాయిల్లో వస్తాయి. 1 అంటే సిద్ధంగా ఉండమని, 2 అంటే ఏ క్షణమైనా కదలాల్సి రావచ్చని, 3 అంటే ఆ నిమిషమే వెళ్లిపొమ్మని. చూడ్డానికి వచ్చినవాళ్లయితే 1కే తిరుగు ప్రయాణం కట్టండి. 3 వచ్చేసరికి ఉన్న ఒక్క రోడ్డు మీదా ఊరంతా ఉంటుంది. పోలీసులు చూపిన వైపే వెళ్లండి, జీపీఎస్ మాట వినొద్దు. మూసేసిన రోడ్డు దానికి ఖాళీ రోడ్డులా కనిపిస్తుంది.

కాలిబాట మీద ఉండగా పొగ వస్తే వచ్చిన దారే మంచిదని పట్టుబట్టకండి. 2017లో సుమారు 150 మంది ఈగిల్ క్రీక్ బాట మీద రాత్రంతా చిక్కుకుపోయారు, వచ్చిన దారిలోనే మంట ఉంది కాబట్టి. ఎక్కేముందే రెండో దారి ఎటుందో చూసుకోండి.

మంట మనవల్ల రాకుండా

కారుని ఎండుగడ్డి మీద ఆపొద్దు. అడుగున ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్ (ఇంజన్ పొగని శుభ్రం చేసే భాగం) గడ్డిని అంటించేంత వేడిగా ఉంటుంది. కంకర మీదో తారు మీదో ఆపండి. ట్రెయిలర్ గొలుసులు నేలకి తగలకుండా అడ్డంగా తిప్పి కట్టండి. గొలుసు రోడ్డుకి రాసుకుంటూ పోతే రవ్వలు మైళ్ల పొడవునా రాలతాయి. పంక్చరైన టైరుతో రిమ్ము మీద నడిపినా అంతే. పిక్నిక్‌కి బొగ్గుల గ్రిల్ వద్దు. గ్యాస్ స్టవ్‌కి అనుమతి ఉందో లేదో ఆ రోజు ఆంక్షలు చూసి తెలుసుకోండి. దీపావళికి మిగిలిన కాకరపువ్వొత్తులు కూడా బాణసంచానే, నేషనల్ ఫారెస్ట్‌లో ఏడాది పొడవునా నిషేధం. ఈగిల్ క్రీక్ కుర్రాడికి కోర్టు వేసిన పరిహారం 3.6 కోట్ల డాలర్లకి పైనే.

మంటలు ఆరాక

కాలిన వాలుల్లో వేర్లు కుళ్లిపోయి చెట్లూ రాళ్లూ ఏళ్ల తరబడి జారుతుంటాయి. 2017 మంట తర్వాత మూడేళ్లకి పైగా గడిచి, 2021 జనవరిలో డాడ్సన్ దగ్గర కుండపోత వానకి బురద ఉప్పెన కిందికొచ్చి, కారులో ఉన్న ఒకావిడ చనిపోయింది. కాలిన ప్రాంతానికి ఫ్లాష్ ఫ్లడ్ (ఆకస్మిక వరద) హెచ్చరిక ఉన్న రోజున ఎగ్జిట్ 35, 37 మధ్య ఉన్న పక్కరోడ్డు ఎక్కొద్దు. వాగు దాటే చోట నీళ్లు హఠాత్తుగా తగ్గితే పైన ఎక్కడో చెత్త అడ్డుపడిందని అర్థం. అక్కడ ఆగి చూడకుండా వెనక్కి వచ్చేయండి.