సగంలో ఆగిన బొంత: ఎక్కడ ఆగిందో పట్టుకుని పూర్తి చేయడం

మొదలుపెట్టి వదిలేసిన బొంత అలమర తెరిచినప్పుడల్లా కళ్లబడుతుంది, చూసిన ప్రతిసారీ బద్ధకమని మనల్ని మనమే తిట్టుకుంటాం. ఆ తిట్టు న్యాయం కాదు. బొంతలు ఎక్కడపడితే అక్కడ ఆగవు. వరుసలు కలవని చోట, మూడు పొరలు (పై పొర, మధ్యలో దూది, అడుగు గుడ్డ) పరిచి పిన్నీసులు పెట్టాల్సిన చోట, పైన ఏ కుట్టు వేయాలో తేలని చోట ఆగుతాయి. అడ్డం పడిన ఆ ఒక్క పనినీ పట్టుకుంటే పోయిందనుకున్న ఆసక్తి చాలాసార్లు దానంతటదే తిరిగి వస్తుంది.

ముందుగా ఆగినవన్నీ బయటికి తీసి, ఒక్కోదానికి ఒక చీటీ గుచ్చండి. చీటీ మీద రెండే విషయాలు ఉండాలి: తర్వాత చేయాల్సిన ఒక్క పని, దానికి తక్కువైన సామాను. "పూర్తి చేయాలి" అని రాస్తే ఆ చీటీ ఎందుకూ పనికిరాదు. "మూడో వరుసను నాలుగో వరుసకు కలపాలి" అని రాస్తే ఆ సాయంత్రమే మిషన్ ముందు కూర్చోవచ్చు.

లక్షణం: బ్లాకులు (ముక్కలు కలిపి కుట్టిన చదరాలు) కుట్టడం అయిపోయింది, వరుసలు మాత్రం కలవడం లేదు

కారణం దాదాపు ఎప్పుడూ కుట్టు మార్జినే, అంటే గుడ్డ అంచుకూ కుట్టుకూ మధ్య వదిలే దూరమే. బొంత ముక్కలకు పావు అంగుళం, అంటే సుమారు 6 మి.మీ. మార్జిన్ వదులుతాం. అది ఒక్క మిల్లీమీటరు ఎక్కువైతే, రెండు ముక్కల వైపునా కలిపి కుట్టుకు 2 మి.మీ. పోతుంది. బ్లాకులో మూడు కుట్లుంటే 6 మి.మీ., అలాంటి ఎనిమిది బ్లాకుల వరుసలో 48 మి.మీ. దాదాపు రెండు అంగుళాల తేడా వచ్చాక ఎంత లాగినా వరుసలు కలవవు. లాగి కుట్టినకొద్దీ గుడ్డ ఉబ్బుతుంది, విసుగొచ్చి మడిచి లోపల పెట్టేస్తాం.

మిషన్‌ను ఇలా పరీక్షించండి. ఒకటిన్నర అంగుళాల వెడల్పున్న మూడు పట్టీలు కత్తిరించి పక్కపక్కనే కుట్టి ఇస్త్రీ చేయండి. మధ్య పట్టీ సరిగ్గా ఒక అంగుళం, మొత్తం వెడల్పు మూడున్నర అంగుళాలు రావాలి. తక్కువ వస్తే మార్జిన్ ఎక్కువ పోతోందన్నమాట. మడత దగ్గర కూడా గుడ్డ కొంత పోతుంది కాబట్టి, మార్జిన్ పావు అంగుళం కంటే ఒక దారప్పోగు తక్కువ వదిలే కుట్టాలి. సరైన దూరం దొరికాక మిషన్ పలక మీద అక్కడ టేపు అంటించుకుంటే ప్రతిసారీ వెతుక్కోనక్కర్లేదు.

మరి ఇప్పటికే కుట్టిన బ్లాకుల సంగతి? అన్నీ విప్పొద్దు. విప్పుదామని పక్కన పెట్టిన బొంతలే ఎక్కువ కాలం అలా పడి ఉంటాయి. అన్నిటినీ కొలిచి కొలత చీటీ మీద రాయండి. తేడా 3 మి.మీ. లోపు ఉంటే పెద్ద ముక్కను కింద, అంటే గుడ్డను ముందుకు జరిపే మిషన్ పళ్ల వైపు ఉంచి, రెండు చివర్లా మధ్యలోనూ పిన్ను పెట్టి కుట్టండి. పళ్లు ఆ అదనపు గుడ్డను తమలోకి సర్దుకుంటాయి. తేడా అంతకు మించితే ప్రతి బ్లాకు చుట్టూ ఒకే రంగు పట్టీ కొంచెం వెడల్పుగా కుట్టి, ఆ తర్వాత అన్నిటినీ ఒకే కొలతకు కత్తిరించండి. తేడా అంతా పట్టీలోనే కలిసిపోతుంది. అతి చిన్న బ్లాకు కొలతకు మిగతావాటిని కత్తిరించడం సులువుగానే కనిపిస్తుంది కానీ, నక్షత్రం లాంటి నమూనాల్లో కొనలు తెగిపోతాయి. అక్కడ మాత్రం ఆ పని చేయొద్దు.

గీతలు వంకరపోయాయన్న ఒక్క కారణంతో ఆపేసినవాళ్లకు ఒక మాట. అమెరికాలో అలబామా రాష్ట్రంలోని గీస్ బెండ్ మహిళలు పాత పనిబట్టలతో కుట్టిన బొంతల్లో గీతలు చాలాచోట్ల వంకరగానే ఉంటాయి. 2002లో వాటిని పెద్ద మ్యూజియంలో ప్రదర్శించారు, 2006లో ఆ దేశ తపాలా శాఖ వాటి మీద స్టాంపులు తెచ్చింది. ఆ బొంతలకు అందం వచ్చింది రంగుల కూర్పు వల్ల.

లక్షణం: చుట్టూ వేసిన అంచు అలలు అలలుగా లేస్తోంది

పొడవాటి పట్టీని కొలవకుండా నేరుగా కుట్టుకుంటూ పోయి, మిగిలింది చివర్లో కత్తిరించడమే దీనికి కారణం. బొంత అంచులు కుట్టేటప్పుడు చేతుల్లో మసలి సాగి ఉంటాయి, పట్టీ ఆ సాగిన కొలతను పట్టుకుంటుంది. అంచు విప్పండి, ఇక్కడ విప్పక తప్పదు. బొంత నడిమధ్యలో ఒకసారి, రెండు పక్కలా ఒక్కోసారి కొలిచి సగటు తీసుకోండి. పట్టీని ఆ కొలతకే ముందుగా కత్తిరించి, పావు, సగం, ముప్పావు దగ్గర పిన్నులు పెట్టి కుట్టండి.

లక్షణం: పై పొర తయారై నెలలైంది, మడత విప్పలేదు

ఎక్కువ బొంతలు నిలిచిపోయేది ఇక్కడే. పరచడానికి చోటు కావాలి, మోకాళ్ల మీద కూర్చోవాలి, పని చూస్తే కొండంత. 60 × 80 అంగుళాల బొంతకు నాలుగు అంగుళాలకో పిన్నీసు చొప్పున పెడితే 15 వరుసల్లో 20, మొత్తం 300 పిన్నీసులు. ఇది రెండు మూడు గంటల పని అని ముందే ఒప్పుకుని, దానికి ఒక పూట కేటాయించండి.

దూది పొర పై పొర కంటే అన్ని వైపులా రెండు అంగుళాలు, అడుగు గుడ్డ మూడు నాలుగు అంగుళాలు ఎక్కువ ఉండాలి. అడుగు గుడ్డను తిరగేసి పరిచి, ముడత లేకుండా బిగువుగా, అలాగని సాగదీయకుండా, అంచులను టేపుతో అంటించండి. సాగదీస్తే టేపు తీయగానే గుడ్డ వెనక్కి ముడుచుకుని వెనకవైపు కుచ్చులు పడతాయి. దాని మీద దూది, ఆపైన పై పొర. పిన్నీసులు మధ్యలో మొదలుపెట్టి బయటికి పెట్టుకుంటూ పోవాలి. అరచేయి ఎక్కడ పెట్టినా దాని కింద ఒక పిన్నీసు తగలాలి.

నేల మీద కూర్చోలేకపోతే బల్ల మీద చేయొచ్చు. అడుగు గుడ్డను బల్ల అంచులకు క్లిప్పులతో బిగించి, మధ్య భాగం పిన్ను చేసి, క్లిప్పులు తీసి పక్కకు జరిపి మళ్లీ బిగించడమే. జరిపిన ప్రతిసారీ అడుగు గుడ్డ బిగువు చూసుకోవాలి.

లక్షణం: మూడు పొరలూ పిన్ను చేసి ఉన్నాయి, పైన ఏ కుట్టు వేయాలో తోచడం లేదు

నమూనా వెతకడం ఆపి, ముందు దూది ప్యాకెట్ చూడండి. రెండు కుట్ల మధ్య ఎక్కువలో ఎక్కువ ఎంత ఖాళీ వదలొచ్చో దాని మీద రాసి ఉంటుంది. రకాన్ని బట్టి రెండు మూడు అంగుళాల నుంచి పది అంగుళాల దాకా ఉండొచ్చు. ప్యాకెట్ పోయి ఉంటే మూడు అంగుళాలు మించనివ్వకండి.

తర్వాత వరుసల మధ్య ఉన్న పొడవాటి కుట్ల గాడిలోనే నేరుగా ఒక్కో కుట్టు వేయండి. కుట్టు పొడవు 3 మి.మీ., వాకింగ్ ఫుట్ (పై పొరనూ అడుగు పొరతో సమానంగా జరిపే ఫుట్), 90/14 సూది. దీనికి నమూనా అక్కర్లేదు, ఆలోచనా అక్కర్లేదు. పైగా పొరలు కదలకుండా బిగుసుకుంటాయి కాబట్టి కుట్టిన మేర పిన్నీసులు తీసేయొచ్చు. పిన్నీసులు తగ్గి బొంత తేలికయ్యాక మిగిలిన ఖాళీల్లో ఏం వేయాలో చాలామందికి తోస్తుంది. తోచకపోయినా ఏటవాలుగా మూడు అంగుళాలకో గీత వేస్తే బొంత పూర్తయినట్టే.

లక్షణం: కుట్టు అడుగున దారం ఉచ్చులుగా వస్తోంది

అడుగున కనిపిస్తుంది కాబట్టి బాబిన్ (అడుగు దారం చుట్టి ఉండే చిన్న చక్రం) తప్పనుకుంటారు. తప్పు పై దారానిది. గుడ్డను అదిమిపట్టే ప్రెస్సర్ ఫుట్ దింపి ఉండగా దారం ఎక్కిస్తే అది దారాన్ని బిగువుగా పట్టే టెన్షన్ బిళ్లల మధ్యలోకి దిగదు. ఫుట్ పైకెత్తి, దారం మొత్తం తీసి మళ్లీ ఎక్కించండి. బాబిన్ దారం పైకి కనిపిస్తుంటే మాత్రం పై టెన్షన్ కొద్దిగా తగ్గించాలి. ఎనిమిది గంటల కుట్టుకోసారి సూది మార్చడం మరవొద్దు.

లక్షణం: అంచు పట్టీ (మూడు పొరల అంచులను చుట్టి మూసే పట్టీ) ఒక్కటే మిగిలింది

గుడ్డ ఎంత కావాలో లెక్క తెలియక ఆగుతుంది. 60 × 80 బొంత చుట్టుకొలత 280 అంగుళాలు, అతుకులకు మరో 12 కలిపితే 292. గుడ్డ వెడల్పు 40 అంగుళాలైతే రెండున్నర అంగుళాల పట్టీలు ఎనిమిది కావాలి, అంటే 20 అంగుళాల గుడ్డ. ఈ పట్టీలను బొంత మొదలుపెట్టిన రోజే కత్తిరించి పక్కన పెట్టుకుంటే చివర్లో సరిపోయే గుడ్డ కోసం వెతుకులాట ఉండదు.

లక్షణం: ఏళ్లుగా పడి ఉండి మడతలు, మరకలు పడ్డాయి

మడతలకు ఒక రోజంతా పరిచి ఉంచితే చాలావరకు సర్దుకుంటాయి. లోపల పాలియెస్టర్ దూది ఉంటే వేడి ఇస్త్రీ పెట్టకండి, దూది అణగిపోతుంది. నీళ్లతో పోయే నీలం పెన్ను గీతలుంటే ఇస్త్రీకి ముందే చల్లటి నీళ్లలో పూర్తిగా కడగాలి. వేడి తగిలితే గీత శాశ్వతంగా ఉండిపోతుంది. పిన్నీసుల తుప్పు మరకకు నిమ్మరసం, ఉప్పు రాసి చూడొచ్చు, అయితే ముందు ఒక మూల రంగు పోతుందేమో పరీక్షించాలి. క్లోరిన్ బ్లీచ్ వేస్తే తుప్పు మరక ఇంకా గట్టిపడుతుంది. ఇకమీదట మధ్యలో ఆపాల్సి వస్తే పిన్నీసులు పెట్టి వదిలేయకండి, పొడవాటి కచ్చా కుట్లు వేసి పిన్నీసులు తీసేయండి.

లక్షణం: లోపమేమీ లేదు, ఇష్టమే పోయింది

ఇది నిజంగా ఉండే కారణమే. రంగులు నచ్చకపోవచ్చు, ఎవరి కోసం మొదలుపెట్టామో వాళ్లకు ఇప్పుడు అవసరం లేకపోవచ్చు. ఇన్ని గంటలు పెట్టాం కదా అని పట్టుకుని కూర్చుంటే ఆ గంటలు తిరిగి రావు. ఒక ప్రశ్న వేసుకోండి: ఈ ముక్కలే ఇవాళ కొత్తగా చేతికొస్తే ఈ బొంత మొదలుపెడతానా? పెట్టను అనిపిస్తే కొలత తగ్గించండి. ముప్పై బ్లాకుల బొంతకు పన్నెండే తయారై ఉంటే అవి పిల్లల బొంతకు సరిపోతాయి, నాలుగే ఉంటే దిండు గలీబులవుతాయి. అదీ వద్దనుకుంటే కుట్టేవాళ్లకు ఇచ్చేయండి, చీటీతో సహా ఇవ్వండి.

పూర్తి చేయాలనే ఉండి తీరిక దొరకని వాళ్లు గడియారం పెట్టుకుని ఒక్క బ్లాకు కుట్టి చూడండి. ఇరవై నిమిషాలు పడితే మిగిలిన ముప్పై బ్లాకులకు పది గంటలు, రోజుకు అరగంట చొప్పున ఇరవై రోజులు. లేచేముందు తర్వాతి కుట్టుకు ముక్కలు పిన్ను చేసి, సూది కిందే పెట్టి లేవండి. మర్నాడు కూర్చోగానే వెతుక్కోవాల్సింది ఏమీ ఉండదు.