హెచ్-1బీ వీసాపై రెండో ఉద్యోగం: చేరే ముందు చేయవలసినవి

బెంగళూరు మారతహళ్లిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, శని, ఆదివారాల్లో కోచింగ్ సెంటర్లకు ఆన్‌లైన్ పాఠాలు చెప్పే మన తెలుగువారు కొందరు, హెచ్-1బీపై (నిపుణ ఉద్యోగాలకు అమెరికా ఇచ్చే తాత్కాలిక వీసా) అమెరికా వెళ్లాక కూడా అదే పద్ధతి కొనసాగించవచ్చని అనుకుంటారు. అది ప్రమాదకరమైన అపోహ. హెచ్-1బీతో వచ్చే పని అనుమతి, మీ కోసం దరఖాస్తు చేసిన యజమాని దగ్గర, ఆ ఫలానా ఉద్యోగానికే వర్తిస్తుంది.

రెండో పని కావాలంటే, ఆ రెండో సంస్థ ముందుగా అమెరికా కార్మిక శాఖ నుంచి ఎల్‌సీఏ (వేతనం, పని పరిస్థితులపై యజమాని ఇచ్చే హామీ దరఖాస్తు) ధ్రువీకరణ పొంది, ఆపై అమెరికా ఇమిగ్రేషన్ సేవల సంస్థ యూఎస్‌సీఐఎస్‌కు ఐ-129 అనే ఫారంతో పిటిషన్ సమర్పించాలి. పార్ట్‌టైమ్ అయినా సరే, అది డిగ్రీ అవసరమైన ప్రత్యేక వృత్తి అయి ఉండాలి. వేతనం ఆ ప్రాంతంలో ఆ పనికి నడుస్తున్న స్థాయికి తగ్గకూడదు. ఏటా ఇచ్చే కొత్త హెచ్-1బీల సంఖ్యకున్న పరిమితిలో ఇప్పటికే లెక్కకు వచ్చినవారికి, ఎంపిక కోసం మళ్లీ లాటరీ అవసరం లేదు. చట్టబద్ధమైన హోదాలో ఉన్నవారు పిటిషన్ దాఖలైన నాటి నుంచే పని మొదలుపెట్టవచ్చు గాని, తిరస్కరిస్తే వెంటనే మానేయవలసి వస్తుంది కనుక, ఆమోదం వచ్చేదాకా ఆగడమే మేలని నా అభిప్రాయం.

డబ్బు బెంగళూరు ఖాతాలోనే పడుతోందన్న వాదనను నమ్ముకోకండి. మీరు అమెరికాలో కూర్చొని పాఠం చెబితే దాన్ని అక్కడి పనిగానే పరిగణించవచ్చు. 1099 పద్ధతిలో (ఉద్యోగిగా కాక స్వతంత్ర కాంట్రాక్టరుగా; ఆ ఆదాయాన్ని 1099 అనే పన్ను పత్రంలో చూపుతారు) క్యాబ్, డెలివరీ పనులు అసలే వద్దు. పన్ను కట్టినంత మాత్రాన అనుమతి రాదు. పైగా ఆ 1099 పత్రమే గ్రీన్‌కార్డు దశలో మీకు వ్యతిరేక సాక్ష్యం కాగలదు. సొంతింటి అద్దె, డివిడెండ్లకు అడ్డు లేదు. మొదటి యజమాని ఒప్పందంలో వేరే ఉద్యోగాన్ని నిషేధించే షరతు ఉందేమో, పిటిషన్‌కు ముందే ఇమిగ్రేషన్ న్యాయవాదితో చదివించుకోండి.