పాత చీరతో పసిబిడ్డకు బొంత కుట్టడం ఎలా?

బారసాలకు ఏం పట్టుకెళ్లాలో తోచకపోతే ఇప్పుడు చాలామంది ఫ్లీస్ దుప్పటి కొనేస్తున్నారు. ముట్టుకుంటే కుందేలుపిల్లలా ఉంటుంది, కాదనను. కానీ ఫ్లీస్ అంటే పాలిస్టరే. చెమట పీల్చదు, లోపలి వేడిని బయటికి పోనివ్వదు. ఏప్రిల్‌లో విజయవాడలోనో రామగుండంలోనో పుట్టిన బిడ్డకు దాంతో పనేముంది? నేరుగా అలమారలోకి పోతుంది. దాని బదులు ఒక పాత నూలు చీరతో బొంత కుట్టి ఇవ్వండి. రోజుకు నాలుగుసార్లు తడిసినా ఏమీ కాదు.

పసిబిడ్డకు మొదట పాత బట్టే వేయాలని చాలా ఇళ్లలో అంటారు. ఆ ఆచారం వెనక ఇంకేం ఉన్నా లేకపోయినా, ఈ సౌఖ్యం మాత్రం ఉంది: ఏళ్ల తరబడి ఉతికిన బట్టలో గంజి ఉండదు, గరుకు ఉండదు, దిగాల్సిన రంగు చాలావరకు ఎప్పుడో దిగిపోయి ఉంటుంది.

ఏ చీర తీసుకోవాలి?

పూర్తి నూలు చీరే కావాలి. అనుమానంగా ఉంటే చీర అంచు నుంచి నాలుగు పోగులు లాగి, స్టవ్ దగ్గర జాగ్రత్తగా కాల్చి చూడండి. కాగితం కాలిన వాసన వచ్చి బూడిదైతే నూలు. కరిగి గట్టి పూసలా ముడుచుకుంటే అందులో పాలిస్టర్ కలిసింది, పక్కన పెట్టేయండి.

జరీ అంచు ఎంత అందంగా ఉన్నా కత్తిరించాల్సిందే. మంగళగిరి చీరైనా, వెంకటగిరి చీరైనా జరీ బిడ్డ చర్మానికి గీసుకుంటుంది. పోచంపల్లి నూలు చీర దొరికితే పై పొరకు చాలా బాగుంటుంది. నేయకముందే నూలుకు రంగు అద్దుతారు కాబట్టి రెండు వైపులా ఒకే డిజైన్ కనిపిస్తుంది. లోపలి పొరలకు తాతగారి పాత పంచెలు కూడా పనికొస్తాయి.

ఒక్క మాట. అడగకుండా ఎవరి చీరా తీయకండి. నేను ఓసారి వెలిసిపోయిందే కదా అని ఒకటి తీసి కత్తెర పెట్టేశాను. అది మా అత్తగారి పుట్టింటి చీరట. వారం రోజులు ఆవిడ నాతో మాట్లాడలేదు. అదే అడిగి తీసుకుంటే కథ వేరుగా ఉంటుంది. బిడ్డ అమ్మమ్మదో నాయనమ్మదో చీరైతే, ఆ బొంతను ఇంటిల్లిపాదీ చేతుల్లోకి తీసుకుని చూస్తారు.

రంగు పరీక్ష మర్చిపోవద్దు. తెల్లగుడ్డ తడిపి చీరమీద గట్టిగా రుద్దండి. రంగు అంటితే ఆ చీర వద్దు. నా మొదటి బొంతలో ఎర్రరంగు పొర ఒకటి వేశాను. ఒక్క రాత్రి తడికి పక్క మొత్తం గులాబీ రంగైంది. పరీక్షలో నెగ్గిన చీరను వేడినీళ్లలో రెండుసార్లు ఉతికి, ఎండలో ఆరేసి, ఇస్త్రీ చేసి పెట్టుకోండి.

కొలత, కత్తిరింపు

75 సెంటీమీటర్ల వెడల్పు, మీటరు పొడవు ఉంటే పసిబిడ్డకు చాలు. ఐదున్నర మీటర్ల చీర ఒక్కటే సరిపోతుంది. చీర పన్నాలోంచి అంచులు తీసేశాక, బొంత పొడవు చీర పన్నా వైపు వచ్చేలా చూసుకుని, పై పొరకు, కింది పొరకు 80 × 105 కొలతతో రెండు ముక్కలు, లోపలికి 75 × 100 కొలతతో నాలుగు ముక్కలు కత్తిరించండి. ఇంకా ముప్పావు మీటరు పైనే మిగులుతుంది. చిరుగులుంటే ఆ భాగం అందులోకి పోయేలా చూసుకోండి.

లోపల దూది పెట్టొద్దు. ఉతికితే ఉండలు కడుతుంది, ఆరడానికి రోజు పడుతుంది. స్పాంజి అసలే వద్దు. ఆరు పొరల నూలు బట్ట మంచి ఎండకు త్వరగానే ఆరిపోతుంది.

పరచడం, టాకాలు వేయడం

బొంత బాగా రావడం, రాకపోవడం ఇక్కడే తేలిపోతుంది. శుభ్రంగా తుడిచిన గచ్చుమీద కింది ముక్కను పరిచి, దానిమీద లోపలి నాలుగింటినీ ఒక్కొక్కటిగా వేయండి. ప్రతి పొరనూ అరచేత్తో మధ్యనుంచి బయటికి సాపు చేయాలి. పై ముక్క కూడా వేశాక ఇంకొకరిని పిలిచి ఇద్దరూ ఎదురెదురు మూలలు పట్టుకుని కొద్దిగా లాగండి. తర్వాత నాలుగు మూలలా బియ్యం డబ్బాల్లాంటి బరువులు పెట్టండి.

పైదీ కిందిదీ చుట్టూ రెండున్నర సెంటీమీటర్లు ఎక్కువగా ఉంటాయి కదా, ఆ చివర్లను లోపలికి, ఎదురెదురుగా మడవండి. పిన్నీసులు పెట్టి, జానెడు దూరానికో వరుస చొప్పున పొడుగుపాటి టాకాలు వేయండి. పిన్నీసులు పెట్టేటప్పుడు లెక్కపెట్టుకోండి, తీశాక మళ్లీ లెక్కపెట్టండి. ఒక్కటి తగ్గినా దొరికేదాకా బొంత ఎవరికీ ఇవ్వకండి.

కుట్టడం

దబ్బనం వద్దు, పల్చటి చీరకు కన్నాలు పడతాయి. బెజ్జం కాస్త పెద్దగా ఉన్న మామూలు సూది, నూలు దారం రెండు పేటలు చాలు. ముందు చుట్టూ అంచులు మూసేయండి. తర్వాత మధ్యలో పొడవునా ఒక వరుస కుట్టి, అక్కణ్నుంచి అటూ ఇటూ రెండు సెంటీమీటర్లకో వరుస వేసుకుంటూ పొండి. అంచు నుంచి మొదలుపెడితే ముడతలన్నీ మధ్యకి చేరి గుట్టపడతాయి.

కుట్టు బియ్యపు గింజంత ఉండాలి. చూడ్డానికి బాగుంటుందని మాత్రమే కాదు, కుట్లు పొడుగ్గా ఉంటే బిడ్డ వేళ్లు వాటిలో చిక్కుకుంటాయి. దారం బిగలాగకండి. ముడులన్నీ పొరల మధ్యలోకి దూర్చేయండి. వేలాడే దారపు పోగు చిన్నదైనా కత్తిరించాల్సిందే, అది కాలివేలికి చుట్టుకుంటే ప్రమాదం. పూసలు, లేసులు, బొత్తాల జోలికి వెళ్లొద్దు.

లెక్క చూస్తే 37 వరుసలు, అంటే అంచులు కాక 37 మీటర్ల కుట్టు. 100 మీటర్ల దారం దగ్గర పెట్టుకోండి. రోజుకో గంట కూర్చుంటే పది పన్నెండు రోజుల పని. మెషిన్ మీద అయితే ఒక్క పూటలో అవుతుంది గానీ పొరలు జరిగిపోతాయి, బొంత బిరుసెక్కుతుంది. టైమ్ లేకపోతే వరుసల మధ్య దూరం పెంచండి, చేత్తోనే కుట్టండి.

అయ్యాక టాకాలు విప్పి, ఘాటు వాసన లేని సబ్బుతో ఉతికి, ఆరేసి, అప్పుడు ఇవ్వండి.

ఇచ్చేటప్పుడు వాడకం గురించి కూడా చెప్పండి. ఇది ఒళ్లో వేసుకోవడానికి, బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు నేలమీద పరిచి బోర్లా పడుకోబెట్టి ఆడించడానికి. ఏడాది నిండేదాకా నిద్రలో బిడ్డమీద కప్పకూడదు, ముఖంమీదికి వస్తే ఊపిరాడదు. అమెరికాలో ఉన్న మేనకోడలికి పంపితే, ఉయ్యాల మంచంలో ఏ దుప్పటీ వేయొద్దని అక్కడి పిల్లల డాక్టర్లు చెప్పారంటుంది. చిన్నబుచ్చుకోకండి, వాళ్లు చెప్పేది సరైనదే.

కొన్నాళ్లకు పై పొర చిరుగుతుంది. కుట్లు విప్పొద్దు. దానిమీదే ఇంకో మెత్తటి చీర ముక్క వేసి కుట్టేయండి. మా ఇంట్లో ఒక బొంతకు ఇప్పుడు మూడో చీర నడుస్తోంది.