గర్భంలో బిడ్డకు క్రోమోజోముల పరీక్షలు ఎలా చేయించుకోవాలి?

ఆఖరి నెలసరి తేదీని బట్టి లెక్కించి, 11 వారాలు నిండినప్పటి నుంచి 13 వారాల 6 రోజుల లోపు ఎన్‌టీ స్కాన్‌కు వెళ్లాలి. పన్నెండో వారం అన్నిటికన్నా మేలు. పాత రిపోర్టులు, గుర్తింపు కార్డు తీసుకెళ్తే చాలు. అక్కడ ఫారం-ఎఫ్‌పై (లింగనిర్ధారణ నిషేధ చట్టం కింద నింపే పత్రం) సంతకం చేయించుకుంటారు. ఆడబిడ్డా, మగబిడ్డా అని అడగడం చట్టవిరుద్ధం.

ఈ స్కాన్‌లో బిడ్డ మెడ వెనుక నీటి పొర మందం కొలుస్తారు. తల వెనక్కి వాలితే కొలత పెరుగుతుంది, ముందుకు వంగితే తగ్గుతుంది. బిడ్డ సరిగ్గా తిరగకపోతే తల్లిని పది నిమిషాలు నడిపించి మళ్లీ చూడాలి తప్ప, దొరికిన కోణంలో కొలిచి పంపకూడదు. డబుల్ మార్కర్ అనే రక్తపరీక్షకు రక్తం కూడా అదే రోజు ఇవ్వాలి. ఫారంలో వయసు, ఆనాటి బరువు, కవలలైతే ఆ సంగతి తప్పక రాయించాలి. స్కాన్ లేకుండా రక్తపరీక్ష ఒక్కటే చేయించి పంపేవారు ఇప్పటికీ ఉన్నారు. రెండూ కలిపితే డౌన్ సిండ్రోమ్ (21వ క్రోమోజోము అదనంగా ఉండటం వల్ల వచ్చే లోపం) ఉన్న పదిమంది బిడ్డల్లో సుమారు తొమ్మిదిమంది బయటపడతారు. రక్తంతోనే సరిపెడితే అంతమంది దొరకరు.

జాగ్రత్త అంతా రిపోర్టు చదవడంలో ఉంది. 1:190 అనే అంకె, పక్కనే ఎర్ర అక్షరాల్లో ‘హై రిస్క్’ అని ఉన్న కాగితం పట్టుకొని, గర్భం ఎప్పుడు తీయించుకోవాలని అడుగుతూ వచ్చిన దంపతులను నేను చాలామందిని చూశాను. అలాంటి ఫలితం వచ్చిన 190 మందిలో ఒక్కరి బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉండవచ్చునని, మిగిలిన 189 మంది బిడ్డలకు ఉండదని దాని అర్థం. ‘లో రిస్క్’ అని వచ్చినా అవకాశం బొత్తిగా లేదని అనుకోకూడదు.

ఇక ఎన్‌ఐపీటీ, అంటే తల్లి రక్తంలోని డీఎన్‌ఏ ముక్కలను చూసే పరీక్ష. డౌన్ సిండ్రోమ్‌ను ఇది నూటికి 99 పాళ్లు పట్టుకుంటుంది. అయితే తల్లి రక్తంలో అది చూసే డీఎన్‌ఏ ముక్కలు మాయ (ప్లాసెంటా) నుంచి వచ్చినవి. మాయలో ఉన్న లోపం బిడ్డలో లేకపోవచ్చు. అందుకే ఎన్‌ఐపీటీ పాజిటివ్ వచ్చినా, ఉమ్మనీటి పరీక్షతో నిర్ధారణ కాకుండా గర్భం గురించి ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. నీటి పొర 3.5 మిల్లీమీటర్లు దాటితే ఎన్‌ఐపీటీతో కాలయాపన చేయకుండా నేరుగా నిర్ధారణ పరీక్షకే వెళ్లాలి.

మాయ ముక్క తీసి చేసే పరీక్ష 11 వారాల తర్వాత వీలవుతుంది. అయితే మాయలోని లోపం బిడ్డలో లేకపోవచ్చు కనుక, ఎన్‌ఐపీటీ పాజిటివ్ వచ్చినవారు 16 వారాలు నిండాక ఉమ్మనీరు తీయించడం మేలు. సూదిని స్కాన్‌లో చూస్తూనే దించుతారు. గర్భస్రావం ముప్పు నూటికి ఒకటి కన్నా తక్కువ. తల్లిది నెగెటివ్ గ్రూపు, తండ్రిది పాజిటివ్ అయితే యాంటీ-డి ఇంజెక్షన్ అడిగి మరీ వేయించుకోవాలి.

మొదటి బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉంటే ముందు ఆ బిడ్డ కారియోటైప్ (క్రోమోజోముల సంఖ్య, ఆకారం చూసే పరీక్ష) రిపోర్టు చూపించాలి. అందులో ట్రాన్స్‌లొకేషన్ (ఒక క్రోమోజోము మరొకదానికి అతుక్కోవడం) అని ఉంటే తల్లిదండ్రులిద్దరికీ అదే పరీక్ష చేయాలి. 14, 21 క్రోమోజోములు అతుక్కున్న వాహకురాలు (తనకు జబ్బు లేకున్నా బిడ్డకు అందించగలిగేది) తల్లి అయితే, ప్రతి కాన్పులోనూ ముప్పు నూటికి 10 నుంచి 15 దాకా ఉంటుంది; తండ్రి వాహకుడైతే అది చాలా తక్కువ. మేనరికం వల్ల డౌన్ సిండ్రోమ్ రాదు. మేనరికంలో పెరిగేది తలసీమియా (వంశపారంపర్యంగా వచ్చే రక్తహీనత) లాంటి జబ్బుల ముప్పు. వాటిని మామూలు ఎన్‌ఐపీటీ చూడదు కనుక, తలసీమియా కోసం దంపతులిద్దరూ హెచ్‌బీఏ2 అనే రక్తపరీక్ష విడిగా చేయించుకోవాలి.

ఉమ్మనీటి పూర్తి కారియోటైప్ రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. దాని కోసం 18–20 వారాల టిఫా స్కాన్‌ను (బిడ్డ అవయవాల నిర్మాణం చూసే స్కాన్) వాయిదా వేయవద్దు. క్రోమోజోములు సరిగ్గా ఉన్నా గుండెలో లోపం ఉంటే చాలావరకు కనిపించేది ఆ స్కాన్‌లోనే.