ఇంటి దగ్గరే కారు పని – 6వ పాఠం: గేర్ ఆయిల్ నింపే పనిముట్లు

గత పాఠంలో పాత గేర్ ఆయిల్ దించడం చూశాం. అది ప్లగ్ విప్పితే దానంతటదే కారిపోతుంది. కొత్తది ఎక్కించడంలోనే తిప్పలన్నీ. ఇంజిన్‌కైతే పైన మూత ఉంటుంది, డబ్బా వంచితే సరిపోతుంది. గేర్‌బాక్సుకి చాలా కార్లలో నింపే రంధ్రం పక్కగోడకి, కింద పడుకుని చూస్తే గానీ కనబడని చోట ఉంటుంది. డబ్బా మూతి అక్కడ పట్టదు. చిన్న కార్లలో సుమారు 2 లీటర్లు పట్టే ఆ చిక్కటి ఆయిల్‌ను రంధ్రం దాకా చేర్చే మార్గాలే ఈ పాఠం.

ఇదంతా చేత్తో గేరు మార్చే (మాన్యువల్) గేర్‌బాక్సులకే. ఆటోమేటిక్, సీవీటీ (బెల్టుతో నడిచే ఆటోమేటిక్ రకం) గేర్‌బాక్సుల్లో లెవెల్ చూసే పద్ధతి వేరు, వాటి జోలికి ఇప్పుడు పోవద్దు.

ప్లగ్ విప్పే పానా

గత పాఠంలో డ్రెయిన్ ప్లగ్ (ఆయిల్ దించే కింది ప్లగ్) ముట్టుకోకముందే ఫిల్లర్ ప్లగ్ (నింపే రంధ్రానికి ఉండే పై ప్లగ్) వదులు చేయమని చెప్పింది ఎందుకంటే, ఆయిల్ మొత్తం దించాక పై ప్లగ్ బిగుసుకుపోయి రాకపోతే బండి కదలదు. ప్లగ్ తల కారును బట్టి మారుతుంది. కొన్నిటికి బయట ఆరు పలకల తల (17 లేదా 24 మి.మీ. సైజులు తరచుగా కనిపిస్తాయి), కొన్నిటికి లోపల అలెన్ కీ పట్టే గుంట, కొన్నిటికి రాట్చెట్ (సాకెట్లు తిప్పే పిడి) 3/8 అంగుళం చదరపు కొస నేరుగా కూర్చునే గుంట. పలకల తలకి ఓపెన్ పానా వాడకండి, మూలలు అరిగిపోతాయి. ఆరు పాయింట్ల సాకెట్, పొడుగాటి పిడి ఉండాలి. గుంట ఉన్న ప్లగ్ అయితే లోపలి మట్టిని స్క్రూడ్రైవర్‌తో గీకి, గుడ్డతో తుడిచాకే అలెన్ కీ గానీ రాట్చెట్ కొస గానీ పెట్టండి. మట్టి మీద పెడితే సగమే దిగి, గుంట గుండ్రంగా అరిగిపోతుంది.

ఒక హెచ్చరిక. గేర్‌బాక్సు మీద ప్లగ్‌లా కనబడేవన్నీ ప్లగ్‌లు కావు. కొన్ని బోల్టుల వెనక గేరు పట్టి ఉంచే స్ప్రింగు, బంతి ఉంటాయి. కారు మాన్యువల్ పుస్తకంలో బొమ్మ చూసి, ఇదే అని నిర్ధారించుకున్నాకే తిప్పండి.

గరాటు, గొట్టం

ఫ్రంట్ వీల్ డ్రైవ్ (ఇంజిన్ ముందు చక్రాలను తిప్పే) కార్లకి మా మొదటి ఓటు దీనికే. బానెట్ ఎత్తి, పై నుంచి గేర్‌బాక్సు పక్కగా గొట్టం దించి, కొస రంధ్రంలో పెట్టి, పైన గరాటులో పోయడమే. కావలసిన గొట్టం హార్డ్‌వేర్ షాపులోనే దొరుకుతుంది: తాపీమేస్త్రీలు లెవెల్ చూసుకునే ట్రాన్స్‌పరెంట్ పైపు. నింపడానికి మీటరున్నర చాలు, కానీ కారు సమంగా ఉందో లేదో చూడటానికీ ఇదే వాడతాం కాబట్టి కారు పొడవుకు సరిపడా కొని, ఆ తర్వాతే కోయండి. లోపలి వ్యాసం 10 మి.మీ. తీసుకోండి. 6 మి.మీ.ది సన్నగా, వంచడానికి తేలిగ్గా ఉందని కొంటారు చాలామంది. చిక్కటి ద్రవం గొట్టంలో నిమిషానికి ఎంత పారుతుందన్నది వ్యాసం నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుంది. అంటే అదే ఎత్తు, అదే పొడవు మీద 10 మి.మీ. గొట్టంలో ఏడు రెట్లకు పైగా ఎక్కువ పారుతుంది. సన్న గొట్టంతో గరాటు పట్టుకుని నిలబడితే చెయ్యి లాగేస్తుంది.

కింది కొస రంధ్రం వైపు తిరగాలి కదా. ఆ జానెడు ముక్కని వేడినీళ్ళలో ముంచి మెత్తబడ్డాక వంచి, వంపు నిలిచేలా బయటినుంచి బైండింగ్ వైరు చుట్టండి. రంధ్రంలోకి వెళ్ళే 3, 4 సెం.మీ. మేర మాత్రం వైరు ఉండకూడదు. గొట్టం రంధ్రాన్ని పూర్తిగా మూసేయకుండా చుట్టూ సందు ఉండాలి. లోపలి గాలి బయటికి వచ్చేదీ, నిండాక ఆయిల్ పొర్లేదీ అక్కడి నుంచే. సైలెన్సర్ పైపు వేడిగా ఉండగా గొట్టం దానికి ఆనితే కరిగిపోతుంది, కాబట్టి చల్లారనివ్వండి.

ఆయిల్ డబ్బాను పావుగంట వేడినీళ్ళ బకెట్‌లో ఉంచితే పలచబడి పని సగానికి తగ్గుతుంది. మూత గట్టిగా బిగించి, మెడ దాకా మునగకుండా పెట్టండి. చుక్క నీరు లోపలికి పోకూడదు.

సిరంజి గన్

ఇది ఆయిల్‌ను లాగి రంధ్రంలోకి నెట్టే పెద్ద సిరంజి. పై నుంచి గొట్టం దించే దారి లేని కార్లకి ఇదే గతి. మార్కెట్లో 200, 500 మి.లీ. సైజులు దొరుకుతాయి. 500దే కొనండి, 200తో 2 లీటర్లంటే పది సార్లు నింపి పది సార్లు కిందికి దూరాలి. కొత్త గన్‌లో వాషర్ పొడిగా ఉండి గాలి లాగుతుంది, ముందు దానికి ఆయిల్ రాయాలి. పిడి మెల్లగా లాగండి. గబుక్కున లాగితే చిక్కటి ఆయిల్ వెంట రాలేక లోపల సగం గాలే చేరుతుంది. ఆయిల్‌ను ముందు కొలజాడీలో పోసుకుని, ఎంత పోశారో గన్ లెక్కన కాక, జాడీ నుంచి తగ్గినదాన్ని బట్టే చూసుకోండి.

డబ్బా మూతికి బిగించే చేతిపంపు కూడా ఉంది. నొక్కుడికి 20 మి.లీ. వస్తే 2 లీటర్లకు 100 నొక్కులు. ఇబ్బంది నొక్కులతో కాదు, మరలతో: పంపు మరలు మన డబ్బా మూతికి కలవకపోతే పంపు ఊగి, ఆయిల్ చేతి మీదే కారుతుంది. కొనేముందు డబ్బా తీసుకెళ్ళి పెట్టి చూడండి. మొక్కలకు మందు కొట్టే ప్రెషర్ స్ప్రేయర్‌తో నింపేవారున్నారు, మేం వద్దంటాం. దాని సీళ్ళు ఆయిల్ కోసం చేసినవి కావు. ఒత్తిడిలో గొట్టం ఊడిందంటే ఆయిల్ మొహం మీదికే.

నిండిందని ఎలా తెలుస్తుంది

పక్క రంధ్రం ఉన్న చాలా గేర్‌బాక్సుల్లో లెవెల్ అంటే రంధ్రం కింది అంచు. కారు సమంగా ఉంటేనే ఈ లెక్క నిజం. ముందు చక్రాలు మాత్రమే ఎత్తి నింపితే ఎక్కువో తక్కువో అవుతుంది. నాలుగు జాక్ స్టాండ్లు వేసి, ఇందాకటి గొట్టం కోసేముందు అందులో నీళ్ళు పోసి, రెండు కొసల్లోని నీటిమట్టంతో పోల్చి కారు అడుగు అంచు ముందువైపు, వెనకవైపు ఒకే ఎత్తులో ఉందో లేదో చూడండి, తర్వాత గొట్టం పూర్తిగా ఆరబెట్టండి. స్టాండ్లకు బదులు ఇటుకలు, సిమెంటు దిమ్మలు పెట్టి కిందికి దూరొద్దు, అవి చెప్పకుండా పగులుతాయి.

మాన్యువల్ ప్రకారం 2 లీటర్లు పట్టాలి, 1.4 దగ్గరే పొర్లింది అనుకోండి. సంతోషించకండి. వేగంగా పోసిన ఆయిల్ లోపల సర్దుకోకుండా రంధ్రం దగ్గరే పోగై బయటికి వస్తుంది. పది నిమిషాలు ఆగి మళ్ళీ పోయండి. అప్పటికీ పట్టకపోతే కారు వాలుగా ఉంది, లేదా పాత ఆయిల్ పూర్తిగా దిగలేదు. ధారగా కారడం ఆగి చుక్కలు పడుతున్నప్పుడు ప్లగ్ పెట్టాలి. కాస్త ఎక్కువైతే మంచిదేలే అని గొట్టం పైకి పెట్టి బలవంతంగా కూరితే నురగ కట్టి, చక్రాలకు వెళ్ళే ఆక్సిల్ (ఇరుసు) సీళ్ళ దగ్గరో, గాలి పోయే బ్రీదర్ రంధ్రం నుంచో బయటికి తోసేస్తుంది. తక్కువైతే పైన తిరిగే పళ్ళకు ఆయిల్ అందదు.

వచ్చే పాఠం ప్లగ్ బిగింపు. దానికి టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగించామో చూపే పానా), మీ ప్లగ్ వాషర్ రకం అయితే కొత్త వాషర్, వాషర్ లేకుండా మరలకే సీలెంట్ రాసే రకమైతే ఆ ట్యూబు ముందే తెచ్చి ఉంచుకోండి. అప్పటిదాకా చేత్తో బిగించిన ప్లగ్‌తో బండి తీయకండి.